యక్షిణి లోయలో సదయ్య

గోదావరిఖనిలో చంద్రకళ టాకీస్ మూతపడి పదహారేళ్లయింది. ఇప్పుడది చంద్రకళ ఫంక్షన్ హాలు. తెర ఉన్న చోట పెళ్లి స్టేజీ, క్యాంటీను ఉన్న చోట వంటశాల, టికెట్ల కిటికీ ఉన్న చోట చెప్పుల స్టాండు వచ్చాయి. మారనివాడు పోశం ఒక్కడే. అప్పుడు ప్రొజెక్టర్ నడిపేవాడు, ఇప్పుడు జనరేటర్ నడుపుతున్నాడు. బొమ్మ ఆగినా లైట్లు ఆరినా జనం తిట్టేది ఆపరేటర్నే కాబట్టి, ఆయనకు ఉద్యోగం మారినట్టే అనిపించలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, బుద్ధి ఉన్నవాళ్లెవరూ బయట తిరగని వేళ, ఒకతను కారు దిగి వచ్చి పోశం గారంటే మీరేనా అని అడిగాడు. పేరు శ్యామ్. నలభై ఏళ్లుంటాయి. తండ్రి పట్టాభిరామయ్య భీమవరం నుంచి వచ్చి రామగుండం పవర్ హౌస్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడట. ఇతనికి హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. అరవై ఏడేళ్ల జీవితంలో పోశంను ‘గారు’ అన్నవాళ్లు తక్కువ. ఎండలో వెతుక్కుంటూ వచ్చి అన్నవాళ్లు అసలే లేరు. అందుకని అతనికి కుర్చీ వేసి, ఫ్యాను అటు తిప్పి, తను పక్కనున్న రేకు పెట్టె మీద కూర్చున్నాడు.

“యక్షిణి లోయ అని ఒక సినిమా మీ టాకీసులో ఆడిందటండీ. గుర్తుందా?” అన్నాడు శ్యామ్.

గుర్తుండటం సంగతి అటుంచి, పోశం కూర్చున్నది దాని మీదే.

యక్షిణి లోయ గురించి తెలియనివాళ్లకు తెలియకపోవడమే మంచిది. అయినా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఎక్కడో దక్షిణాన ఏదో భాషలో తీసి, మూడు రోజుల్లో తెలుగు డబ్బింగ్ చెప్పించి, ‘పెద్దలకు మాత్రమే’ అన్న ముక్కను సినిమా పేరుకన్నా పెద్ద అక్షరాలతో పోస్టర్ మీద వేసి వదిలిన బొమ్మ అది. అడవిలో ఒక యక్షిణి. ఆమెకున్నది ఒకే చీర, అది ఎప్పుడూ తడిసే ఉంటుంది. అడవికొచ్చిన మగవాళ్లను ఒక్కొక్కణ్ణే జలపాతం దగ్గరికి పిలిచి రక్తం తాగుతుంది. చివరికి ఒక మాంత్రికుడు ఆమెను నిమ్మకాయలో బంధిస్తాడు. ఎనభై ఎనిమిది డిసెంబరులో చంద్రకళలో మార్నింగ్ షోగా వేస్తే, రాత్రి షిఫ్టు దిగినవాళ్లు నిద్ర కూడా పోకుండా వచ్చి కూర్చున్నారు. ఐదు వారాలు ఆడింది.

అలాంటి దాని కోసం చదువుకున్న మనిషి ఇంత దూరం రావడం పోశంకు మింగుడుపడలేదు. శ్యామ్ ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటి సినిమాలు సేకరించేవాళ్లు అరవై ఒక్క మంది కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారట. పుణెలో ఒకాయన దయ్యాల సినిమాల పోస్టర్లకు గోడలు చాలక పిల్లల గది ఖాళీ చేయించాడు. కోయంబత్తూరులో ఒకామె మూతపడ్డ టాకీసుల తెరల ముక్కలు కత్తిరించి తెచ్చుకుని ఫ్రేములు కట్టించుకుంటుంది. బెల్జియంలో ఒక ప్రొఫెసర్, నాలుగు సినిమాల్లో నాలుగుసార్లు చచ్చిపోయిన ఒకే గుర్రం మీద పుస్తకం రాస్తున్నాడు. ఇదంతా శ్యామ్ చాలా మామూలుగా, బంధువుల క్షేమసమాచారాలు చెప్పినట్టు చెప్పాడు.

“మంచి సినిమాలు లేవా సారూ?” అని అడిగాడు పోశం.

“మంచివాటిని అందరూ భద్రం చేస్తారండీ. వీటిని తీసినవాళ్లే పారేశారు. ఎవరో ఒకరు ఏరుకోవాలి కదా. ఇంకో సంగతి కూడా ఉందండీ. పెద్ద సినిమాల్లో అబద్ధాన్ని అతుకు కనపడకుండా కుడతారు. వీటిలో అతుకు కనపడుతూనే ఉంటుంది. యక్షిణి చేతికి గడియారం ఉంటుంది. పగలు మొదలుపెట్టిన పరుగు చీకట్లో ముగుస్తుంది. అబద్ధం ఆడుతూ మన ముందే దొరికిపోయే మనిషి మీద కోపం రాదు కదా, అలాగన్నమాట.”

ఆ చివరి మాటకు పోశం పెట్టె మీద ఇటు నుంచి అటు సర్దుకుని కూర్చున్నాడు.

అసలు విషయం శ్యామ్ అప్పుడు బయటపెట్టాడు. యక్షిణి లోయ ప్రింట్లు ఎక్కడా మిగల్లేదు. చూసినవాళ్ల జ్ఞాపకాలే మిగిలాయి, వాటిలో ఒక పేచీ ఉంది. గోదావరిఖనిలో చూసిన ఒక బ్యాంకు ఉద్యోగి, యక్షిణి నీళ్లలోకి దిగే సీనులో ఉన్నట్టుండి హెల్మెట్ పెట్టుకున్న మీసాల మనిషి వచ్చి కర్రతో పైకి కొట్టి చూస్తాడని గ్రూపులో రాశాడు. మిగతా ఊళ్లలో చూసినవాళ్లు అలాంటివాడే లేడని ఒట్టేసి చెప్పారు. అప్పటినుంచి ‘గోదావరిఖని ప్రింటు’ అంటే ఆ గ్రూపులో పోయిన నిధి పేరెత్తినట్టే. హెల్మెట్ మనిషి డైరెక్టరే అని కొందరు, బొగ్గు కాంట్రాక్టరైన నిర్మాత అని కొందరు. కార్మికుడి చూపు అనే విషయం మీద ప్రొఫెసర్ పదకొండు పేజీలు రాశాడు. శ్యామ్ కూడా ఒక వ్యాసం రాశాడు, దానికి గ్రూపులో మంచి పేరొచ్చింది. అతని లెక్క ప్రకారం ఆ మనిషి యక్షిణికి పూర్వజన్మలో భర్త.

పోశం నవ్వలేదు. ఆ మనిషి యక్షిణికి ఏ జన్మలో ఏమవుతాడో ఆయనకు తెలియదు గానీ, పక్కింటి సారవ్వకు మాత్రం ఈ జన్మలోనే భర్త. పేరు సదయ్య.

సదయ్య గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. పోశం తండ్రి కూడా గనిలో చేసినవాడే కాబట్టి కంపెనీ క్వార్టర్లలో వాళ్ల రెండు ఇళ్లకూ ఒకటే గోడ. ఎనభై ఎనిమిదిలో భద్రతా వారోత్సవాల కోసం కంపెనీవాళ్లు నాలుగు నిమిషాల సినిమా ఒకటి తీయించారు. పని మొదలుపెట్టే ముందు కప్పును కర్రతో తట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. తెలిసిన సంగతే, కానీ తొందరలో చాలామంది తట్టరు. మీసం బాగుందని సదయ్యను నిలబెట్టి తీశారు. నలుపు తెలుపు బొమ్మ. తను సినిమాలో పడ్డానని సదయ్య ఇంట్లో రెండు రోజులు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

సేఫ్టీ ఆఫీసర్ రాంప్రసాద్ ఆ రీలు టాకీసుకు తెచ్చి ప్రతి ఆటకూ ముందు వెయ్యమన్నాడు. పోశం వేశాడు. ఆ నాలుగు నిమిషాలూ జనమంతా బయట నిలబడి బీడీలు కాల్చుకున్నారు. అంత పెద్ద హాల్లో రాంప్రసాద్ ఒక్కడే ముందు వరసలో కూర్చుని చూశాడు. ఆయన వీపు చూసి పోశంకు జాలి వేసింది. ఆ జాలితోనే మర్నాడు ఎవరికీ చెప్పకుండా యక్షిణి లోయ ఆరో రీలు తీశాడు. యక్షిణి నీళ్లలో కాలు పెట్టి, పైట మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి నవ్వే చోట బ్లేడుతో కోసి సదయ్యను అతికించాడు. సదయ్య అయిపోగానే మళ్లీ యక్షిణి. ఇక సీటు వదిలి బయటికి పోయే మగవాడెవడు? పోతే మిగతాది పోతుందేమోనని భయం. ఐదు వారాల్లో ఊళ్లోని మూడు షిఫ్టులవాళ్లూ కప్పు తట్టడం కంఠతా నేర్చుకున్నారు. రాంప్రసాద్ సంతోషం పట్టలేక పోశంకు ఒక స్టీలు టిఫిన్ డబ్బా బహుమానం ఇచ్చాడు.

తెలివైన పనే. దాని తరవాత చేసిందే తెలివితక్కువ పని.

మార్నింగ్ షోకు ఆడవాళ్లు రారు. ఆ పోస్టర్ ఉన్న రోడ్డున నడవడానికే ముఖం తిప్పుకునేవాళ్లు. కానీ మగవాళ్లు ఇళ్లలో నవ్వుకుంటూ అన్న మాటలు ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే నల్లా దగ్గరికి చేరాయి. సదయ్య యక్షిణితో కలిసి నీళ్లలో ఉన్నాడని, ఆమె అతన్ని చూసి నవ్విందని, అతను ఆమె వంక చూశాడని. చూసిన ప్రతివాడికీ అది వేరే సినిమా ముక్క అని తెలుసు. రంగుల బొమ్మ నడుమ నలుపు తెలుపు వస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. కానీ వేళాకోళానికి వివరణ ఇచ్చేవాడెవడు? ఊరందరికీ అది నవ్వులాట. చూసే వీలు లేని ఒక్క సారవ్వకు మాత్రం అది నిజం.

ఆమె మొగుణ్ణి అడిగింది. అది సేఫ్టీ సినిమా అని సదయ్య పదేళ్ల కూతురు రాజకుమారి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. సేఫ్టీ సినిమా దానంతటదే నడుచుకుంటూ వచ్చి ఆ పాడు సినిమాలో కూర్చుందా అని అడిగింది సారవ్వ. న్యాయమైన ప్రశ్న. జవాబు తెలిసినవాడు గోడకవతలే ఉన్నాడు కాబట్టి, ఆమె వచ్చి పోశంనూ అడిగింది. సరిగ్గా ఆ వారమే డిస్ట్రిబ్యూటర్ మనిషి ఊళ్లో దిగి ఉన్నాడు. ప్రింటు కోశాడని తెలిస్తే ఆపరేటర్‌కు ఆ పూటే ఉద్యోగం ఊడుతుంది, జిల్లాలో ఏ టాకీసువాడూ మళ్లీ గడప ఎక్కనివ్వడు.

“నేను మిషిన్ తిప్పుత వదినె. బొమ్మల ఏమున్నదో నాకేమెరుక?” అన్నాడు పోశం.

సదయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. పోశం ముఖంలోకి చూశాడు, ఏమీ అనలేదు. ఆ తరవాత కూడా ఎవరితోనూ అనలేదు. పిల్లలున్నవాడివి, నౌకరి పోతే ఎట్లా, ఆమె కోపం నాలుగు రోజుల్లో దిగుతుంది, ఫికర్ చెయ్యకు అని పోశంకే ధైర్యం చెప్పాడు.

నాలుగు రోజుల్లో దిగలేదు. గనివాళ్ల ఇళ్లలో ఒక అలవాటు ఉంది. మగమనిషి షిఫ్టుకు బయలుదేరితే ఆడమనిషి గడప దాకా వచ్చి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ‘పైలం’ అంటుంది. జాగ్రత్త అని. కొట్టుకున్నా తిట్టుకున్నా ఆ ఒక్క మాట మానరు, ఎందుకంటే దిగినవాడు మళ్లీ పైకొస్తాడని ఎవరూ కాగితం రాసివ్వరు. సారవ్వ మానేసింది. డబ్బా కట్టి కిటికీలో పెట్టేది. సదయ్య దాన్ని తీసుకుని, గడప దగ్గర కాసేపు చెప్పులు సర్దుకుంటున్నట్టు నిలబడి, వెళ్లిపోయేవాడు. పోశం ఇది గోడకివతల నుంచి రోజూ చూసేవాడు. మూడు నెలలకు ఆ డిస్ట్రిబ్యూటర్ దివాలా తీశాడు. ప్రింటు వాపసు తీసుకుపోవడానికి కూడా మనిషి రాలేదు. భయపడాల్సిన పని లేకపోయింది. కానీ భయం లేచిపోయిన చోట సిగ్గు వచ్చి కూర్చుంది, అది లేవలేదు. సదయ్య ఆ మాట లేకుండానే ఇంకో పద్దెనిమిదేళ్లు గనిలో దిగి, ఒంటి మీద గీత పడకుండా రిటైరయ్యి, తరవాత ఐదేళ్లకు గుండెపోటుతో మంచంలోనే పోయాడు.

ఇందులో ఒక్క ముక్కా పోశం శ్యామ్‌కు చెప్పలేదు. లేచి, తను కూర్చున్న పెట్టె మూత తీశాడు. గుప్పున సిర్కా వాసన, వెనిగర్ లాంటి పులుపు కంపు, కొట్టింది. పాత ఫిల్మ్ చెడిపోయేటప్పుడు అలాంటి వాసనే వస్తుందని, ఇంకో ఎండాకాలం ఇక్కడే ఉంటే ముద్దయిపోయేదని శ్యామ్ అన్నాడు. అంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నిమ్మకాయలో పడిపోయే ఒక యక్షిణి కోసం పెద్ద ఉద్యోగస్తుడు రేకు పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పోశంకు వింతగానూ ఉంది, కొంచెం అసూయగానూ ఉంది. తను ఇన్నేళ్లు సిగ్గుపడి దాచిన దాన్ని ఈ మనిషి ఏ సిగ్గూ లేకుండా ప్రేమిస్తున్నాడు. పీడ విరగడైందనుకుని పెట్టెను కారు డిక్కీలో పెట్టించాడు. హెల్మెట్ మనిషి ఎవరో తెలుసా అని శ్యామ్ అడిగితే, తాను మిషిన్ తిప్పేవాణ్ణనీ, బొమ్మలో ఏముందో తెలియదనీ చెప్పాడు. ముప్పై ఆరేళ్లయినా ఆ అబద్ధం నోట్లో పాచిపోలేదు.

పీడలు అంత సులువుగా విరగడ కావు. ప్రింటును చెన్నైలో శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించాక, శ్యామ్ అందులోంచి సదయ్య బొమ్మ ఒకటి తీసి, ఈ మనిషి ఎవరో తెలిస్తే చెప్పండి అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. దాన్ని బెల్లంపల్లిలో ఒక రిటైర్డ్ కార్మికుడు చూసి, పాత జోకు గుర్తొచ్చి నవ్వుకుని, నలుగురికి పంపాడు. ఆ నలుగురిలో ఒకరు, ఇది మీ బాపు కాదా అక్కా అంటూ దవాఖానలో నర్సుగా చేస్తున్న రాజకుమారికి పంపారు. ఆమె ఇంటికి పోయి ఫోన్ తల్లి ముందు పెట్టింది.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, హాలు ఖాళీ. శ్యామ్ చిన్న ప్రొజెక్టర్ తెచ్చి, స్టేజీ మీద తెల్లగుడ్డ కట్టించి, పదకొండు గంటలకు ఆట అన్నాడు. యక్షిణి లోయను మార్నింగ్ షో టైములో తప్ప ఇంకెప్పుడూ చూడకూడదట, గ్రూపులో అలా అనుకున్నారట. ఆటకు ముందు పోశం నాలుగు మాటలు కెమెరా ముందు చెప్పాలి. హెల్మెట్ మనిషి డైరెక్టరూ కాదు, నిర్మాతా కాదు అని చెప్తే చాలు, తన వ్యాసం నిలబడుతుందన్నాడు శ్యామ్. పోశంకు అదేమంత కష్టంగా అనిపించలేదు. డైరెక్టర్ కాదు, నిర్మాత కాదు. రెండూ నిజాలే. కుర్చీలో కూర్చుని చొక్కా గుండీ పెట్టుకుంటుండగా, గేటు దగ్గర ఆటో ఆగింది.

హాల్లో ఆ బొమ్మ వేస్తున్నారని ఊళ్లో విని వచ్చిన సారవ్వ, కూతురి చెయ్యి పట్టుకోకుండానే దిగి లోపలికి వచ్చింది. పోశం వైపు తల తిప్పలేదు. నడి హాల్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మా ఆయన పడ్డ సినిమా నీ దగ్గరున్నదట గద బిడ్డా. ఎయ్యి, చూస్త,” అంది శ్యామ్‌తో.

శ్యామ్ తడబడ్డాడు. అది పెద్దలకు మాత్రమే తీసిన సినిమా అండీ అన్నాడు.

“నాకు డెబ్బై నాలుగు,” అంది సారవ్వ.

బాపు వచ్చే ముక్క ఒక్కటే వెయ్యమంది రాజకుమారి. తల్లి ఒప్పుకోలేదు. మొదటినుంచీ వెయ్యమంది, ఆ ఆడమనిషి ఎట్లా ఉంటుందో కూడా చూడాలంది. ముప్పై ఆరేళ్లుగా ఆమెను మనసులో రకరకాలుగా ఊహించుకుందేమో, ఆ గొంతులో కోపం కన్నా ఆరా ఎక్కువ ఉంది.

శ్యామ్ ప్రొజెక్టర్ వైపు కదిలాడు. ఇప్పుడు ఊరుకుంటే బొమ్మే అంతా చెప్తుంది. పోశం ఊరుకోవచ్చు, ఊరుకోవడం ఆయనకు బాగా అలవాటు. కానీ బొమ్మ సదయ్య తప్పు లేదని చెప్తుందే తప్ప తప్పెవరిదో చెప్పదు. కుర్చీ పట్టుకుని లేచాడు.

“వదినె, జర ఆగు. ఆ రీలు కోసింది నేనే. సదన్నను తీస్కపోయి ఆమె నడుమ అతికిచ్చింది నేనే. నువ్వు అడిగిన నాడు నాకు అంత ఎరుకే. నౌకరి పోతదని చెప్పలే. సదన్న నన్ను బచాయించిండు. మూడు నెల్లకు భయం పోయింది, అయినా చెప్పలే. నీకు ముఖం చూపెట్టనీకి నాకు చేతగాలే.”

ఆ తరవాత రాంప్రసాద్ సంగతి, బీడీల సంగతి, టిఫిన్ డబ్బా సంగతి కూడా వరసగా చెప్పుకుపోయాడు. కెమెరా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. శ్యామ్ చెయ్యి ప్రొజెక్టర్ మీద అలాగే ఆగిపోయింది. అతని కళ్ల ముందే పూర్వజన్మ భర్త పోయి, బెల్జియం ప్రొఫెసర్ పదకొండు పేజీలూ పోయి, ఒక టింబర్‌మన్ మిగిలాడు. రాజకుమారి తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. చిన్నప్పుడు బాపు ఒట్టేసిన చోటు అదే.

సారవ్వ పోశం వంక చూడలేదు. తెల్లగుడ్డనే చూస్తూ కూర్చుంది.

“ఎయ్యి బిడ్డా,” అంది చివరికి.

యక్షిణి లోయ మొదలైంది. ఒక ముసలామె, ఆమె కూతురు, సినిమాలు సేకరించే ఒకతను, ఒక పాత ఆపరేటర్. ఆ సినిమాను ఆడవాళ్లు హాల్లో కూర్చుని చూడటం బహుశా అదే మొదటిసారి. రాజకుమారి ముఖం కొంగు చాటున దాచుకుంది. సారవ్వ దాచుకోలేదు. యక్షిణి మొదటిసారి తెర మీదికి రాగానే గిదేనా అని అడిగింది. అవునన్నాడు శ్యామ్. చేతికి గడియారమున్నదేంది అని అడిగింది. అరవై ఒక్క మంది ఏళ్ల తరబడి చూసినవాళ్లను అడిగి పట్టుకున్నది ఈమె అరనిమిషంలో పట్టుకుందని శ్యామ్ అంత బాధలోనూ సంతోషించాడు. మూడో మగవాడి రక్తం తాగే వేళకు, పొద్దంతా నీళ్లలో నానితే ఈ పిల్లకు సర్ది పట్టదా అని సారవ్వ విసుక్కుంది. ఆమె ఊహల్లోని ఆడమనిషి ఈమె కాదని గొంతులోనే తెలుస్తోంది.

ఆరో రీలు వచ్చింది. యక్షిణి నీళ్లలో కాలు పెట్టింది, పైట మీద చెయ్యి వేసింది, వెనక్కి తిరిగి నవ్వింది. అతుకు దగ్గర బొమ్మ ఒక్కసారి అదిరింది. రంగులు పోయాయి.

సదయ్య వచ్చాడు. నలభై రెండేళ్ల మనిషి. నెత్తిన హెల్మెట్, దానికి దీపం, కింద ఆ మీసం. వెనక బొగ్గు గోడ, పక్కన వరసగా దుంగలు. జలపాతం లేదు, నీళ్లు లేవు, ఏ ఆడమనిషీ లేదు. హైదరాబాదు నుంచి తెచ్చిన ఎవరిదో గొంతు వెనకనుంచి పుస్తకాల తెలుగులో కప్పు గురించి చెప్తోంది. సదయ్యకు ఆ గొంతుతో సంబంధం లేనట్టు, కెమెరా ముందు సిగ్గుపడుతూ, మీసం ఒకసారి సర్దుకుని, కర్ర పైకెత్తి కప్పు కిందికి అడుగు వేశాడు.

సారవ్వ కుర్చీలోంచి సగం లేచింది.

“పైలం,” అంది.

గట్టిగా అనలేదు. గడప దగ్గర నిలబడి డబ్బా ఇస్తున్న మనిషికి ఎంత వినపడాలో అంతే అంది. సదయ్య కప్పు తట్టి, చెవి వంచి విని, ఖంగుమన్నట్టు తలాడించాడు. పోశంకు ఏడుపు తన్నుకొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకోవాలని కూడా అనిపించలేదు.

నాలుగు నిమిషాలు అయిపోయి యక్షిణి మళ్లీ రంగుల్లో నవ్వగానే, సారవ్వ ఇంకోసారి వెయ్యమంది. వేశారు. మళ్లీ వెయ్యమంది. ఐదుసార్లు వేశారు. ఐదుసార్లూ అతను కప్పు కిందికి అడుగు వేసే చోట ఆమె ఆ మాట అంది. ఆరోసారి అడగలేదు.

రాజకుమారి కళ్లు తుడుచుకుని లేచి శ్యామ్ దగ్గరికి వచ్చింది. బాపును ఆ సినిమాలోంచి తీసెయ్యమని, ఎవరికీ చూపించొద్దని అడిగింది. ఆ నాలుగు నిమిషాల కోసం శ్యామ్ తొమ్మిదేళ్లు తిరిగాడు. అవి లేకపోతే గోదావరిఖని ప్రింటే లేదు. అయినా మీరు చెప్పినట్టే చేస్తానమ్మా అన్నాడు. అనేటప్పుడు అతని ముఖం, బిడ్డను దవాఖానలో వదిలేసి వెళ్లేవాడిలా ఉంది.

“ఉండనియ్యి,” అంది సారవ్వ. “ఉత్త సేఫ్టీ సినిమా అయితే ఎవలు చూసిండ్రు? అందరు బయటికి పోయి బీడీలు తాగిండ్రంటున్నడు గద. గీ పిల్ల ఉన్నది కాబట్టే ఆయనను ఊరంత చూసింది. నేనే చూడలే.”

శ్యామ్ పుస్తకం తీసి పేరు, చేసిన పని, ఏ గని అన్నీ అడిగి రాసుకున్నాడు. ఆ సాయంత్రం గ్రూపులో ఉన్నదున్నట్టు పెట్టాడు. నలుగురు నమ్మలేదు. ఇద్దరు, ఇలాంటివి చెప్పకుండా ఉంటేనే బాగుండేదని బాధపడి గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ప్రొఫెసర్ మాత్రం ఆలోచించి, పన్నెండో పేజీ రాయడం మొదలుపెట్టాడు.

అది తరవాతి సంగతి. అప్పటికింకా మధ్యాహ్నం ఒంటిగంట కాలేదు. సారవ్వ లేచి చెప్పుల కోసం పాత టికెట్ల కిటికీ దగ్గరికి నడిచింది. పోశంకు ఏం చేయాలో తోచక, తెల్లగుడ్డ విప్పుదామని పెళ్లి డెకరేషన్ వాళ్ల వెదురు నిచ్చెన వేసి పైకెక్కాడు. దానికి మధ్యలో ఒక మెట్టు లేదు, పైన ఒకటి వదులు. ఆయన ఎక్కుతుంటే అది కిర్రుమంది. ఆ చప్పుడుకు సారవ్వ చెప్పులు వేసుకుంటూ తలెత్తి చూసింది.

పోశం ముఖం తప్పించుకు తిరిగిన ముప్పై ఆరేళ్లలో ఆమె ఆయన్ను నేరుగా చూడటం అదే మొదటిసారి. పోశం ముడి మీద చెయ్యి పెట్టి, విప్పకుండా అలాగే నిలబడ్డాడు. ఆమె పక్కింటి వదినె. ఎత్తు మీద ఉన్న మనిషిని చూస్తే పైలం అన్న మాట నోటికి దానంతటదే వస్తుంది. వస్తుందేమోనని చూశాడు. అడిగే హక్కు తనకు లేదని తెలుసు, అయినా చూశాడు.

సారవ్వ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, కూతురితో ఆటోను పిలవమని చెప్పి, గేటు దాటి వెళ్లిపోయింది.

పోశం ముడి విప్పాడు. గుడ్డ మడిచి భుజాన వేసుకుని, కాలు పెట్టే ముందు ప్రతి మెట్టునూ పాదంతో తట్టి చూసుకుంటూ, నెమ్మదిగా కిందికి దిగాడు.